ఎవరి బిళ్ల వాళ్లది

మా ఇంట్లో ఇరవై పైసల బిళ్ల ఖర్చు పెట్టకూడదు. అది అమ్మ పెట్టిన చట్టం. ఒకవైపు తామరపువ్వుతో, ఇత్తడి రంగులో ఉండే ఆ బిళ్లలు 1968 నుంచి 1971 వరకే అచ్చయ్యాయి. తర్వాత టంకశాలలు మానేసినా మా హోటలు గల్లాపెట్టెలో చాలా ఏళ్ల దాకా ఒకటీ అరా పడుతూనే ఉండేవి. పడిన వెంటనే అమ్మ తీసి కొంగున ముడేసుకునేది. నూట ఎనిమిది పోగైతే వరలక్ష్మీ వ్రతం రోజు అష్టోత్తరం చదువుతూ నామానికొక బిళ్ల వేసి పూజ చేయాలని ఆమె ఆశ. బంగారు పువ్వులతో చేసే స్తోమత మాకు లేదు. తామర మీద కూర్చునే తల్లికి తామర బిళ్లలు చాలని ఆమె లెక్క. అమ్మ ఒక్కతే కనిపెట్టిన పద్ధతి కాదిది. మా వీధిలో చాలామంది ఆడవాళ్ల దగ్గర కుంకుమ డబ్బాల అడుగున, దేవుడి గూట్లో చెంబుల్లో ఇవే ఉండేవి.

1969లో గాంధీగారి శతజయంతికి కూడా ఇరవై పైసలు వచ్చింది. అదే సైజు, ఇంచుమించు అదే పసుపు రంగు. నేను మురిసిపోయి తీసుకెళ్లి ఇస్తే అమ్మ తిప్పి చూసి వెనక్కి ఇచ్చేసింది. "దీంట్లో పువ్వు లేదు కదరా. మీ నాయనకియ్యి, ఇడ్లీ పిండికి పనికొస్తుంది." గాంధీగారు అట్లా ఇడ్లీ పిండికి పోయారు. నాణేల సేకరణ అనే మాట అమ్మ జీవితంలో విని ఉండదు. కానీ ఒక రకం నాణెం మీద మనసు పడితే మనిషి మిగతావాటిని ఎంత తేలిగ్గా తోసేస్తాడో నేను మొదట చూసింది ఆమె దగ్గరే.

నాయన హోటలు తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వెనకవైపు సందులో ఉండేది. పొద్దున ఇడ్లీ, పొంగలి, దోసె. మధ్యాహ్నం భోజనం. సాయంత్రం బజ్జీ, కాఫీ. రైలు దిగి సత్రంలో సామాన్లు పడేసి వచ్చేవాళ్లు, కొండ దిగి గుండుకి గంధం పూసుకుని ఆకలితో వచ్చేవాళ్లు. తమిళం వాళ్లు, కన్నడం వాళ్లు, ఉత్తరాది నుంచి గుంపులుగా యాత్రకి వచ్చినవాళ్లు. అందరి ఊళ్ల చిల్లరా మా గల్లాపెట్టెలో కలిసిపోయేది. రాత్రి హోటలు కట్టేశాక దాన్ని ఇత్తడి తాంబాళంలో కుమ్మరించి రకానికొక దొంతి కట్టే పని నాదీ, అన్నదీ.

ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు కానీ అప్పట్లో బిళ్లలకి ఎన్ని ఆకారాలో! ఒక పైసా నలుపలక. రెండు పైసలకి అలల్లాంటి అంచు. మూడు పైసలకి ఆరు మూలలు. ఐదు పైసలు మళ్లీ నలుపలక, పది పైసలు మళ్లీ అలల అంచు. అన్నీ అల్యూమినియమే. గ్లాసు నీళ్ల మీద ఒక పైసాని నిదానంగా పెడితే మునగకుండా తేలేది. అన్నకీ నాకూ పందేలు. 1957 ఏప్రిల్ 1న పదహారు అణాల రూపాయి పోయి నూరు నయా పైసల రూపాయి వచ్చిందనీ, 1964లో ఆ 'నయా' కూడా తీసేశారనీ స్కూల్లో చదువుకున్నాం. నాయన నోట్లో మాత్రం అణాలు పోలేదు. పావలా, బేడ (రెండణాలు) అనే లెక్క చెప్పేవాడు. కరెంటు పోయినా మా దొంతులు ఆగేవి కావు. అంచు తగిలితే చాలు, వేళ్లే చెప్పేసేవి.

ఆ తాంబాళం కోసం రోజూ సాయంత్రం ఒకాయన వచ్చేవాడు. రిటైరైన ఎలిమెంటరీ స్కూలు అయ్యవారు. కాఫీ తాగేది అరగ్లాసు, కూర్చునేది గంట. నాయన మనసైనప్పుడు ఆయన ముందు ముందుగానే చిల్లర కుమ్మరించేవాడు. ఆయన జేబులోంచి భూతద్దం తీసి ఒక్కో ఐదు పైసల బిళ్లా పట్టుకుని సంవత్సరం కింద ఏముందో చూసేవాడు. నక్షత్రం ఉంటే హైదరాబాదు, వజ్రం గుర్తు ఉంటే బొంబాయి, ఏమీ లేకపోతే కలకత్తా. ఆయన చెప్పేవరకూ మా చేతుల మీదుగా పోయే బిళ్లలకి పుట్టిల్లు ఉంటుందని మాకు తెలీదు. సైఫాబాదులో నిజాం కట్టుకున్న టంకశాలను 1950లో కేంద్ర ప్రభుత్వం తీసుకుందని, మన బిళ్లలు చాలా మటుకు అక్కడివేనని ఆయన క్లాసులో పాఠం చెప్పినట్లు చెప్పేవాడు.

ఆయన దగ్గర గళ్లు గీసిన నోటుపుస్తకం ఉండేది. నిలువున సంవత్సరాలు, అడ్డంగా టంకశాలలు. దొరికిన గడిలో టిక్కు. మిగతావి ఖాళీ.

"ఏం అయ్యవారూ, ఈ పొద్దు ఏమన్నా దొరికిందా?" అనేవాడు నాయన.

"బొంబాయిది దొరికింది సామీ. హైదరాబాదుది ఇంకా రాలేదు."

"అది వస్తే ఏమొస్తుంది సామీ?"

"గడి నిండుతుంది."

అంతే ఆయన సమాధానం. తీసుకున్న ప్రతి ఐదు పైసలకీ తన జేబులోంచి ఐదు పైసలు తీసి తాంబాళంలో వేసేవాడు. విలువలో నయాపైసా తేడా రానిచ్చేవాడు కాదు. ఆయనకి వెండి అక్కర్లేదు, రాజుల బొమ్మలు అక్కర్లేదు. ఎవరైనా పాత అర్ధణా తెచ్చి చూపిస్తే "బాగుంది" అని మర్యాదకి చూసి తిరిగి ఇచ్చేవాడు. జీవితమంతా హాజరు పట్టీ రాసిన మనిషి. రాని పిల్లాడి పేరు దగ్గర ఖాళీ ఆయన్ని ఎంత ఇబ్బంది పెట్టేదో ఆ గళ్లూ అంతే ఇబ్బంది పెట్టేవని నా అనుమానం. 1988లో నోయిడాలో కొత్త టంకశాల వచ్చి సంవత్సరం కింద చుక్క పెట్టడం మొదలుపెట్టింది. అప్పటికి ఆయనకి చూపు బాగా తగ్గింది. మా అన్న ఆ సంగతి చెబితే, ఇంకో అడ్డు వరస గీయాలని స్కేలు వెతుక్కున్నాడట.

మా సందు మొదట్లో ఒక ఆచారి వెండి పని చేసేవాడు. ఆయన సంగతి పూర్తిగా వేరు. విక్టోరియా రాణి రూపాయలు, ఎడ్వర్డువి, ఐదో జార్జివి ఆయన దగ్గరికి డబ్బాల్లో వచ్చేవి. పల్లెల నుంచి ఆడవాళ్లు తెచ్చి మెట్టెలు చేయమనో, పిల్లకి పట్టీలు చేయమనో ఇచ్చేవాళ్లు. ఆయన కరిగించేసేవాడు. నాకు ఒళ్లు మండేది. వందేళ్ల నాటి రూపాయి కళ్ల ముందే మూసలో నీరైపోతుంటే ఎవరికి మండదు? ఆయనకి మాత్రం అవి నాణేలు కాదు, నమ్మకమైన వెండి. పాత రూపాయి సరిగ్గా తులం బరువు, అంటే 11.66 గ్రాములు. అందులో నూటికి దాదాపు 92 పాళ్లు వెండి. గచ్చు మీద వేసి మోగించి చెవి పెట్టి వినేవాడు. 1940 తర్వాతి రూపాయల్లో వెండి సగానికి దించేశారు. అవి వస్తే పక్కకి నెట్టి "రాజుగారి మొహం అదే, ఒళ్లే వేరే" అనేవాడు. 1947లో వచ్చిన పులిబొమ్మ రూపాయినైతే చేత్తో తాకేవాడు కూడా కాదు. అది నికెల్.

అట్లాంటి మనిషి ఒక్క రూపాయిని మాత్రం కరిగించలేదు. 1911 నాటి ఐదో జార్జి రూపాయి. రాజుగారి గుండెల మీద వేలాడే పతకంలో ఒక ఏనుగు ఉంటుంది. చెక్కినవాడు తొండం పొట్టిగా, కాళ్లు బొద్దుగా చెక్కాడు. చూసినవాళ్లకి అది పంది అనిపించింది. రాజు ఒంటి మీద పందేమిటని జనం గొడవ చేస్తే ప్రభుత్వం ఆ రూపాయలు వెనక్కి తీసుకుని చాలా మటుకు కరిగించేసింది. 1912 నుంచి తొండం సరిచేసి కొత్త అచ్చు వేశారు. ఆ రూపాయి ఆచారి దుకాణంలో పెట్టె మూతకి లోపలివైపు లక్కతో అంటించి ఉండేది. ఎందుకు దాచావయ్యా అని నాయన అడిగితే ఆయన నవ్వాడు. "చూడు సామీ, అంత పెద్ద దొరల టంకశాలలో, అంత పనిమంతుడు చేస్తేనే ఏనుగు పందైపోయింది. నా చేతిలో ఎప్పుడన్నా నెమలి కోడైతే దీన్ని చూసుకుంటా."

ఇన్నేళ్లలో నాణేల వాళ్లను చాలామందిని చూశాను. తప్పు అచ్చుల కోసం ప్రాణం పెట్టేవాళ్లున్నారు. అచ్చు పక్కకి జరిగిన రూపాయి, రెండుసార్లు దెబ్బ పడిన రూపాయి, ఒకవైపు బొమ్మే లేని రూపాయి. అట్లాంటివి చూడగానే కళ్లు మెరుస్తాయి వాళ్లకి. అరుదు కాబట్టి అని వాళ్లు చెబుతారు. నేను పూర్తిగా ఒప్పుకోను. వాళ్లలో నాకు తెలిసిన ముగ్గురు నలుగురూ ప్రెస్సులోనో, వర్క్‌షాపులోనో, కుట్టు మిషను మీదో పనిచేసినవాళ్లు. మిషను తప్పు చేయడం వాళ్లకి వినోదం.

కాలేజీలో నాతో చదివిన స్నేహితుడిది చంద్రగిరి. కోట గోడ కనిపించే ఇల్లు. వాడికి విజయనగరం నాణేలు తప్ప వేరే లోకం లేదు. వాడి దగ్గర ఒక్క నాణెం కూడా ఉండేది కాదు. వరాహ అంటే మూడున్నర గ్రాములకి కాస్త తక్కువ బంగారం, మా తరం కుర్రవాళ్లు ఎక్కడ కొంటారు? వాడు ఎవరి దగ్గరైనా ఉందని తెలిస్తే బస్సెక్కి వెళ్లి, బతిమాలి, నాణెం మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో మెల్లగా రుద్దుకుని వచ్చేవాడు. అట్లా కాగితం మీద దిగిన బొమ్మలే వాడి ఆస్తి. చంద్రగిరి రాజధానిగా ఏలిన రెండో వేంకటపతి దేవరాయలంటే వాడికి సొంత పెదనాయన మాదిరి. ఆ వంశం వాళ్ల వరాహల మీద మకరతోరణం కింద నిలబడ్డ వేంకటేశ్వరస్వామి, వెనక నాగరి లిపిలో శ్రీ వేంకటేశ్వరాయ నమః అని ఉంటుంది. ఆ బొమ్మ దిగిన కాగితాన్ని వాడు పర్సులో పెట్టుకు తిరిగేవాడు. కృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి గెలిచి తిరుమల వచ్చి ముప్పై వేల వరాహలతో స్వామికి కనకాభిషేకం చేయించిన కథ వాడు చెబుతుంటే, వాడే లెక్కపెట్టి పోసినట్లుండేది. మద్రాసులో ఇంగ్లీషు కంపెనీ వాళ్లు కూడా తమ బొమ్మ వేసుకునే ధైర్యం లేక స్వామినీ ఇద్దరు అమ్మవార్లనీ వేసి మూడు స్వాముల వరాహ కొట్టారని చెప్పి, "మన కొండదేవుడి బొమ్మ లేకపోతే దక్షిణాదిలో బంగారం చెల్లదురా" అని ఛాతీ విరుచుకునేవాడు. వ్యాపారం సంగతి కాబట్టి కంపెనీకి భక్తి కన్నా లెక్కే ముఖ్యం అయ్యుంటుందని నేనంటే రెండు రోజులు మాట్లాడలేదు.

దేవుడి బొమ్మ మీద ఉన్న ఈ ఇష్టాన్నే సొమ్ము చేసుకునేవాళ్లూ ఉన్నారు. గుడి వీధుల్లో ఫుట్‌పాత్ మీద ఈస్ట్ ఇండియా కంపెనీ పేరు, 1818 సంవత్సరం, వెనక సీతారామలక్ష్మణులో ఆంజనేయుడో ఉన్న రాగి బిళ్లలు అమ్ముతుంటారు. కంపెనీ అట్లాంటి నాణెం ఎప్పుడూ వేయలేదు. యాత్రకొచ్చినవాళ్లు జ్ఞాపకంగా కొనుక్కుంటే పోనీ అనుకోవచ్చు. అదే బిళ్ల బియ్యపు గింజల్ని లాగుతుందని, రైస్ పుల్లింగ్ అని, కోట్లు వస్తాయని చెప్పి మన జిల్లాలో ఎన్ని కొంపలు ముంచారో. మా దూరపు చుట్టం ఒకాయన రెండెకరాలు అమ్మేశాడు. ఇప్పుడు ఆ పని ఫోన్లో జరుగుతోంది. 2012 నాటి వైష్ణోదేవి ఐదు రూపాయలు ఉంటే లక్షలిస్తాం, ముందు కమీషన్ కట్టండి అని మెసేజ్. తమ పేరు చెప్పి ఇట్లా డబ్బు గుంజుతున్నారని 2021లో రిజర్వ్ బ్యాంకే ప్రకటన ఇచ్చింది. అయినా పెళ్లిళ్లలో నన్ను పక్కకి పిలిచి జేబులోంచి ఆ ఐదు రూపాయలు తీసి "ఎంత రావొచ్చు మామా?" అని అడిగేవాళ్లు తగ్గలేదు. ఐదు రూపాయలు వస్తుందని చెబితే మొహం మాడ్చుకుంటారు.

ఇక నా పిచ్చి. అదెట్లా పట్టుకుందో నాకు బాగా గుర్తు.

ఒక మధ్యాహ్నం ఒక పెద్దాయన భోజనానికి వచ్చాడు. కన్నడ సరిహద్దు పల్లె నుంచి అనుకుంటాను, తెలుగులో ఆ యాస. చేతిలో పసుపు గుడ్డలో కట్టిన ముడుపు. వాళ్లమ్మ ఎప్పుడో కట్టి, కొండకి పోలేకనే కన్ను మూసిందట. ఇన్నాళ్లకి కొడుకు తీర్చడానికి వచ్చాడు. ముడి వదులైందని చెప్పి మా బల్ల మీదే విప్పి సరిచేసుకున్నాడు. లోపల అణాలు, బేడలు, అణాలో పావు వంతైన రాగి కానీలు కొన్ని. వాటిలో నడిమధ్య గుండ్రంగా చిల్లి ఉన్నవి. యుద్ధకాలంలో లోహం కరువై 1943 నుంచి 1947 దాకా అట్లా వేశారు. చుట్టూ ఇంత అంచు, మధ్యలో ఖాళీ. నేను అట్లాంటి డబ్బును అంతవరకూ చూడలేదు.

పెద్దాయనకి దిగులు పట్టుకుంది. "ఇవి ఇప్పుడు ఎవురూ తీసుకోరు కదా సామీ. మార్చి కొత్త రూపాయలు కట్టుకుంటే దేవుడికి ఒప్పుతుందా?" అని నాయన్ని అడిగాడు.

"మీ అమ్మ కట్టింది కట్టినట్లే కొప్పెరలో వేసేయండి సామీ. ఆయనకి చెల్లనిదేముంది?" అన్నాడు నాయన. కొప్పెర అంటే స్వామి హుండీ.

నేను నెమ్మదిగా దగ్గరికి పోయి, చిల్లి ఉన్నది ఒక్కటి నాకిస్తే అర్ధరూపాయి ఇస్తానన్నాను. గల్లాపెట్టెలోంచే ఇద్దామని నా ధైర్యం. పెద్దాయన నవ్వి ఇవ్వబోయాడు కూడా. నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఒరే, అది ఆయనది కూడా కాదు. చెయ్యి తియ్యి." పెద్దాయన ముడి గట్టిగా బిగించి, అన్నం తిని, కొండకి పోయాడు. ఆ కానీ హుండీ డబ్బు లెక్కించే పరకామణిలో ఎవరి చేతిలో పడిందో, ఏ మూటలో చేరిందో.

ఆ తర్వాత ఉద్యోగం వచ్చాక చిల్లి కానీలు చాలా కొన్నాను. అవేమంత అరుదైనవి కావు. పాత బిళ్లలు అమ్మేవాళ్ల దగ్గర గుప్పెళ్లుగా దొరుకుతాయి. అమ్మేవాడు ఎప్పుడూ మెరిసేది, అంచు చెదరనిది తీసి చూపిస్తాడు. నేను అడిగేది అరిగిపోయినవి. సంవత్సరం సరిగ్గా కనపడనివి, మొలతాడుకి కట్టి కట్టి చిల్లి ఒకవైపు సాగిపోయినవి. వాళ్లు నన్ను ఎగాదిగా చూస్తారు. సేకరణదారుల లెక్కలో అరిగిన బిళ్లకి విలువ లేదు. చేతులు మారని బిళ్లకే ధర, అట్టముక్కలో ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచినదానికి ఇంకా ధర. టంకశాల నుంచి నేరుగా డబ్బాలోకి పోయి, ఒక్క కాఫీ కూడా కొనని రూపాయితో నాకేం పని? 2023లో ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణెం వచ్చినప్పుడు మా వాళ్లంతా ఎగబడి కొన్నారు. హైదరాబాదు టంకశాలలోనే అచ్చయింది, అందంగానే ఉంది. నేను చేతిలోకి తీసుకుని చూసి ఇచ్చేశాను. దాంతో దోసె తినలేం. హోటలువాడి కొడుకు బుద్ధి అంటారు మా అన్న పిల్లలు. అంటే అననీ.

2011 జూన్ 30తో పావలా, దానికన్నా చిన్న బిళ్లలన్నీ చెల్లకుండా పోయాయి. మా ఇంట్లో నా మూడు పైసలు, అన్న దాచిన పది పైసలు, అమ్మ తామరలు అన్నీ ఒకే రోజు ఉత్త లోహమయ్యాయి. అమ్మకి ఆ సంగతి చెబితే "అమ్మవారికి ఎవరూ చెప్పలేదులే" అని శ్రావణమాసం వచ్చేసరికి చింతపండు పెట్టి తోమి ఆరబెట్టింది. నూట ఎనిమిదీ ఎప్పుడో పూర్తయ్యాయి. పైన ఇంకో ఇరవై దాకా ఉన్నాయి, వాటిని కోడళ్లకి పంచే విషయంలో ఇప్పటికీ చిన్న గొడవ నడుస్తోంది.

అయ్యవారి నోటుపుస్తకం ఏమైందో తెలీదు. ఆచారి పోయాక ఆయన కొడుకు దుకాణం మూసేస్తూ ఆ 1911 రూపాయిని నాకు వెండి ధరకే ఇచ్చాడు. లక్క మరక అట్లాగే ఉంది, గీకలేదు.

ఈమధ్య మా పక్కింటి పిల్లాడు ఆదివారం ఆదివారం వస్తున్నాడు. నాలుగో క్లాసు. వాడికి సంవత్సరాలు అక్కర్లేదు, లోహం అక్కర్లేదు, దేవుడూ అక్కర్లేదు. జంతువులుండాలి. ఖడ్గమృగం ఉన్న స్టీలు పావలాలు నాలుగైదు ఇచ్చాను. 1950 నాటి కానీ మీద గుర్రం, అణా మీద ఎద్దు చూపించాను. నికెల్ రూపాయి మీద పులిని చూసి అదిరిపోయాడు. వాళ్లమ్మ వచ్చి "చదువుకోకుండా ఈ చిల్లర గోలేంట్రా, తాతను విసిగిస్తున్నావు" అంటే కదల్లేదు. "ఏనుగు లేదా తాతా?" అని అడిగాడు.

ఉందని చెప్పి ఆచారి రూపాయి తీసి భూతద్దం చేతికిచ్చాను. కథంతా చెప్పకుండా, రాజుగారి గుండెల దగ్గర చూడమని మాత్రం చెప్పాను. వాడు కిటికీ దగ్గరికి పోయి అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు చూశాడు.

"ఇది పంది తాతా" అన్నాడు. "పందైనా పర్లేదు, ఇస్తావా?"

పులి తీసుకుపొమ్మన్నాను.